మోటారు దాచిపెట్టే బరువు: గరాజ్ స్ప్రింగ్ పనైపోయిందని ఎలా తెలుస్తుంది

అర్ధరాత్రి గరాజ్‌లోంచి తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. ఇంట్లోవాళ్లు లేచి, లైట్లేసి, గడియలన్నీ చూసుకుంటారు. ఎవరూ ఉండరు, కిందపడ్డ వస్తువూ ఏదీ కనబడదు. పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ మీట నొక్కితే గరాజ్ తలుపు జానెడు లేచి ఆగిపోతుంది. అప్పుడు తలెత్తి చూస్తే తలుపు పైన అడ్డంగా ఉన్న స్ప్రింగ్ రెండు ముక్కలై, మధ్యలో రెండంగుళాల ఖాళీ. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ తలుపుకి స్ప్రింగ్ అనేది ఒకటుందని తెలిసేది ఆ పొద్దున్నే.

అదే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కిరాణా కొట్టు నడిపే మనిషికి ఇలా జరగదు. రోజూ పొద్దున షట్టర్ పైకి తోసేది, రాత్రి కొక్కెం కర్రతో కిందికి లాగేది ఆయనే. షట్టర్ పైన ఉన్న పైపులో చుట్టలు చుట్టిన పట్టీ స్ప్రింగులు కాస్త వదులైతే ముందు ఆయన భుజానికే తెలుస్తుంది. 'షట్టర్ బరువెక్కింది' అని మనిషిని పిలిపించి స్ప్రింగ్ బిగించుకుంటాడు. అమెరికా ఇంట్లో తలుపుకీ మనిషి చేతికీ మధ్య మోటారు వచ్చి కూర్చుంది. తలుపు ఎంత బరువెక్కినా, మీట నొక్కే వేలికి ఆ బరువు ఎప్పటికీ తెలియదు. గరాజ్ స్ప్రింగ్ విషయంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గుర్తులు లేక కాదు, వాటిని మోటారు మింగేస్తూ ఉంటుంది.

తలుపుని నిజంగా ఎత్తేది ఎవరు? రెండు కార్లు పట్టే గరాజ్ తలుపు సాధారణంగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. స్టీలు రేకుల మధ్య చలి ఆపే ఫోమ్ పెట్టి చేసినదైతే 150 నుంచి 250 పౌండ్ల దాకా, అంటే సుమారు 70 నుంచి 110 కిలోల దాకా తూగుతుంది. చెక్కదైతే ఇంకా ఎక్కువే. కప్పుకి వేలాడదీసిన ఓపెనర్ మోటారు చాలా ఇళ్లలో అర హార్స్‌పవర్‌ది. తలుపు మొత్తం బరువును రోజూ మోయడానికి దాన్ని చేయలేదు. ఆ బరువును మోసేది స్ప్రింగ్. మోటారు పని తలుపుని కదిలించడం, కిందికి వచ్చాక కదలకుండా పట్టి ఉంచడం, అంతవరకే.

ఈ ఏర్పాటులో ఒక అందం ఉంది. ఇప్పటి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మెలిక స్ప్రింగ్, అంటే టోర్షన్ స్ప్రింగ్. తలుపు పైన గోడకి ఆనించి ఒక ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు మీద స్ప్రింగ్, ఇరుసు రెండు చివర్లా రెండు డ్రమ్ములు, డ్రమ్ముల మీంచి దిగి తలుపు అడుగు మూలలకి తగిలించిన స్టీలు కేబుళ్లు. తలుపు కిందికి దిగుతుంటే కేబుల్ విప్పుకుంటుంది, ఇరుసు తిరుగుతుంది, స్ప్రింగ్ మెలి తిరిగి బిగుస్తుంది. ఏడడుగుల తలుపుకి సుమారు ఏడున్నర చుట్లు తిప్పి పెడతారు. దిగేటప్పుడు తలుపు ఇచ్చిన బలాన్నే స్ప్రింగ్ దాచుకుని, ఎక్కేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. తలుపు పైకి పోయేకొద్దీ దాని పలకలు ఒక్కొక్కటిగా ట్రాక్ వంపు తిరిగి అడ్డంగా పడుకుంటాయి. అంటే కేబుళ్లకి వేలాడే బరువు తగ్గుతూ పోతుంది. సరిగ్గా అదే లెక్కన స్ప్రింగ్ మెలికా విప్పుకుంటూ బలం తగ్గుతుంది. ఈ రెండూ జోడు కుదిరితే వంద కిలోల తలుపుని పదేళ్ల పిల్లాడు కూడా చేత్తో ఎత్తగలడు.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ ఖాళీగా ఏమీ ఉండదు. దాని మీద అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి ఉండేది అప్పుడే. అందుకే స్ప్రింగ్ చాలాసార్లు తలుపు మూసి ఉండగానో, ఎత్తడం మొదలుపెట్టిన క్షణానో తెగుతుంది. రాత్రిపూట ఎవరూ ముట్టుకోకుండానే ఠాప్పని పేలడంలో దెయ్యాల పాత్ర ఏమీ లేదు. ఆ రెండంగుళాల ఖాళీకి కూడా లెక్క ఉంది. స్ప్రింగ్‌ని ఒక్కో చుట్టు తిప్పినప్పుడల్లా అది ఒక తీగ మందం మేర పొడుగు పెరుగుతుంది. పావంగుళం తీగని ఏడున్నర చుట్లు తిప్పితే పెరిగే పొడుగు దాదాపు రెండంగుళాలు. తెగగానే మెలిక విప్పుకుని ముక్కలు పాత పొడుగుకి ముడుచుకుంటాయి, మధ్యలో ఆ మేరకు ఖాళీ మిగులుతుంది.

మరి ఎన్నాళ్లు వస్తుంది? సన్నటి ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు దగ్గర పుటుక్కుమంటుంది. స్ప్రింగ్ చావూ అలాంటిదే. అందుకే దాని వయసును ఏళ్లలో చెప్పరు, సైకిళ్లలో చెబుతారు. తలుపు ఒకసారి లేచి ఒకసారి దిగితే ఒక సైకిల్. ఇల్లు కట్టేవాళ్లు మామూలుగా పెట్టే స్ప్రింగుల లెక్క 10,000 సైకిళ్లు. పొద్దున రెండు కార్లు వెళ్లి సాయంత్రం రెండు కార్లు వస్తే రోజుకి 4 సైకిళ్లు, ఏడాదికి 1,460. అంటే ఏడేళ్లు నిండీ నిండకముందే లెక్క పూర్తవుతుంది.

అయితే తెలుగిళ్లలో రోజుకి నాలుగుసార్లతో ఆగేది ఎక్కడ? టెక్సాస్ ఫ్రిస్కోలో గానీ న్యూజెర్సీ ఎడిసన్‌లో గానీ చాలా ఇళ్లకి అసలు వీధి గుమ్మం గరాజే. ముందు తలుపు పండక్కి మామిడాకులు కట్టడానికి, చుట్టాలు వచ్చినప్పుడు తియ్యడానికి. చెప్పులు విడిచేది గరాజ్‌లో, రెండో ఫ్రిజ్ గరాజ్‌లో, కాస్ట్‌కో దుకాణంలో కొన్న బియ్యం బస్తాలు గరాజ్‌లో. చేపల వేపుడూ జంతికలూ ఇల్లంతా వాసన పట్టకుండా పొయ్యి పెట్టుకునేది అక్కడే, పొగ పోవడానికి తలుపు సగం ఎత్తేదీ అందుకే. పిల్లల సైకిళ్లు, చెత్త డబ్బాలు, సాయంత్రం అమ్మానాన్నల నడక, అన్నిటికీ అదే దారి. రోజుకి 8 సైకిళ్లయితే 10,000 మూడున్నరేళ్లలో అయిపోతాయి. ఒకే ఏడాది కట్టి ఒకే ఏడాది జనం దిగిన వీధిలో, ఒక ఇంట్లో స్ప్రింగ్ తెగిన తర్వాత అటూ ఇటూ ఇళ్ల వంతు రావడానికి ఎక్కువ కాలం పట్టకపోవడంలో వింతేమీ లేదు.

కాబట్టి మొదటి గుర్తు స్ప్రింగ్‌లో కనిపించేది కాదు, లెక్కలో కనిపించేది. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది, స్ప్రింగ్ ఎప్పుడైనా మార్చారా, రోజుకి ఎన్నిసార్లు తెరుస్తున్నారు? ఈ మూడూ తెలిస్తే సగం జవాబు చేతిలో ఉన్నట్టే.

మిగతా సగం తలుపునే అడగాలి. మోటారుని పక్కకి తప్పించి అడగాలి. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, స్ప్రింగ్ తెగలేదని కంటితో చూసుకున్నాక, ఓపెనర్‌కి వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది. ఇప్పుడు చేత్తో ఎత్తాలి. మంచి స్థితిలో ఉన్న తలుపు పెద్దగా బలం పెట్టకుండానే లేస్తుంది. నడుము ఎత్తుకి తెచ్చి, అడుగున కాళ్లూ వేళ్లూ లేకుండా చూసుకుని, మెల్లగా చేతులు వదలాలి. అక్కడే నిలబడిందా, స్ప్రింగ్ బాగున్నట్టు. కిందికి జారిందా, బలం తగ్గినట్టు. దానంతటదే పైకి పోయిందా, స్ప్రింగ్ ఎక్కువ బిగించినట్టు, లేదా ఆ తలుపుకి సరిపడని స్ప్రింగ్ వేసినట్టు. ఎత్తేటప్పుడే విపరీతమైన బరువుగా ఉంటే పరీక్ష అక్కడితో ఆపి తలుపుని కిందే ఉంచాలి. ఏడాదికి రెండుసార్లు, పది నిమిషాల పని. కొట్టు యజమాని రోజూ చేసే పరీక్షే ఇది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. తలుపు పైకి ఎత్తి ఉండగా ఆ ఎర్ర తాడు లాగకూడదు. స్ప్రింగ్ అప్పటికే తెగి ఉంటే తలుపుని పైన ఆపుతున్నది ఓపెనర్ ఒక్కటే. తాడు లాగిన మరుక్షణం వంద కిలోలు నేల మీదికి వస్తాయి.

పరీక్ష దాకా పోకుండానే కొన్ని సంగతులు పట్టుబడతాయి. మునుపటి కంటే మోటారు మూలుగు పెరుగుతుంది, తలుపు మెల్లగా లేస్తుంది, దిగేటప్పుడు ఆఖరి అడుగు ధబ్బుమని పడుతుంది. స్ప్రింగ్ చుట్ల మధ్య ఒకచోట సందు కనబడుతుంది. తుప్పు పట్టడం చిన్న విషయం అనుకుంటారు గానీ, తుప్పు తిన్న చిన్న గుంట దగ్గరే తీగలో బీట మొదలవుతుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లలోనూ, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లితే అది కారు చక్రాలతో గరాజ్‌లోకి వచ్చే ఉత్తరాది ఊళ్లలోనూ ఇది త్వరగా కనిపిస్తుంది. చలి కూడా తన వంతు చేస్తుంది. అప్పటికే అలసిన స్టీలు చలికి ఇంకాస్త పెళుసుబారుతుంది, బాగా చలి పెట్టిన రాత్రో, ఆ మర్నాడు మొదటిసారి మీట నొక్కినప్పుడో తెగుతుంది. కిర్రుమనే చప్పుడు ఒక్కటే వస్తుంటే మాత్రం కంగారు అక్కర్లేదు. గరాజ్ తలుపులకని అమ్మే లిథియం గ్రీజు స్ప్రేనో సిలికాన్ స్ప్రేనో స్ప్రింగ్ మీద కొడితే చాలావరకు సర్దుకుంటుంది. ఏ ఇంట్లోనైనా దొరికే మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా ఇందుకు పనికిరాదు, అది త్వరగా ఆరిపోతుంది.

తలుపు వంకరగా లేస్తే ఏ రకం స్ప్రింగో చూడాలి. పాత ఇళ్లలో, తలుపు పైన చోటు తక్కువున్న గరాజుల్లో మెలిక స్ప్రింగుకి బదులు సాగే స్ప్రింగులు ఉంటాయి. కప్పు కింద అడ్డంగా పోయే ట్రాకుల వెంట, కుడికొకటి ఎడమకొకటి. అందులో ఒకటి తెగినా సాగిపోయినా ఆ వైపు తలుపు వెనకబడుతుంది. మెలిక స్ప్రింగులో అలా కాదు. ఇరుసు ఒక్కటే కాబట్టి, దాని మీద రెండు స్ప్రింగులుంటే ఒకటి తెగినా తలుపు సమంగానే ఉంటుంది, బరువు మాత్రం పెరుగుతుంది. అలాంటి తలుపు వంకరపోయిందంటే ఎక్కువగా కేబుల్ డ్రమ్ మీంచి జారిందని. సాగే స్ప్రింగులకి ఇంకో జాగ్రత్త ఉంది. ఒక్కో స్ప్రింగ్ లోపలినుంచి ఒక సన్నటి భద్రతా కేబుల్ పోయి ఉండాలి. అది లేకపోతే తెగిన స్ప్రింగ్ కారు అద్దం మీదికో మనిషి మీదికో ఎగిరిపోతుంది. అది లేని ఇంట్లో స్ప్రింగ్ బాగున్నా మనిషిని పిలవాల్సిందే.

వేన్ డాల్టన్ కంపెనీ టార్క్‌మాస్టర్ రకంలో స్ప్రింగులు గొట్టం లోపలే దాగి ఉంటాయి. ఎంత చూసినా ఖాళీ కనబడదు. వాటికి చేతి పరీక్షే గతి.

ప్రతి జబ్బునీ స్ప్రింగ్ మీదికి తోయకూడదు కూడా. 1993 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మడానికి తయారైన ఇంటి ఓపెనర్లకి, తలుపు కింద మనుషులు ఇరుక్కోకుండా ఆపే ఏర్పాటు ఉండాలని కేంద్ర చట్టం. గుమ్మానికి రెండు పక్కలా, నేలకి కాస్త పైన ఎదురెదురుగా ఉండే చిన్న సెన్సర్ కళ్లు దాని పుణ్యమే. తలుపు బాగా లేచి, దిగేటప్పుడు సగంలో వెనక్కి పోతుంటే ముందు చూడాల్సింది ఆ కళ్లకి పట్టిన బూజుని, లేదా పిల్లల బంతి తగిలి అవి పక్కకి తిరిగాయేమోనని. మంచు కురిసే ఊళ్లలో తలుపు అడుగున ఉన్న రబ్బరు సిమెంటుకి గడ్డకట్టి అతుక్కుపోతుంది, అచ్చం స్ప్రింగ్ తెగినట్టే తలుపు కదలదు. వేడి నీళ్లు పోసే ముందు తలెత్తి స్ప్రింగ్ చూసుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదమైన పొరపాటు వేరే ఉంది. తలుపు బరువెక్కి ఓపెనర్ మొరాయిస్తే, దాని వెనక ఉన్న బలం మీటని కాస్త పెంచేస్తారు. తలుపు మళ్లీ లేస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ మీట ఓపెనర్‌కి ఎంత అడ్డు తగిలితే ఆగి వెనక్కి పోవాలో చెప్పేది. దాన్ని పెంచడమంటే తలుపు కింద పిల్లాడు ఉన్నా ఆగొద్దని చెప్పడమే. బలహీనమైన స్ప్రింగ్ భారాన్ని మోస్తూ పోతే మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగిపోతుంది, ఓపెనర్ పట్టుకుని లాగే పై పలక వంగుతుంది. రెండు స్ప్రింగుల్లో ఒకటి తెగినా కొన్ని మోటార్లు ఎలాగో లాక్కొస్తాయి కాబట్టి, ఈ నష్టం వారాల తరబడి కనబడకుండా జరుగుతుంది. స్ప్రింగ్ మార్చడానికి పిలిచి, ఓపెనర్‌కీ పలకకీ కూడా కలిపి చెల్లించాల్సి వచ్చేది ఇలాగే.

కాలిఫోర్నియాలో ఈ బరువు సంగతి చట్టం దాకా పోయింది. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గరాజ్ తలుపులు తెరుచుకోక కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత 2019 జులై 1 నుంచి అక్కడ అమ్మే కొత్త ఓపెనర్లన్నిటికీ బ్యాటరీ ఉండి తీరాలని నిబంధన వచ్చింది. మంచి నిబంధనే. అయితే బ్యాటరీ మోటారుని తిప్పుతుంది గానీ తెగిన స్ప్రింగ్ పని చేయలేదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ చీకటైనప్పుడు లాగా, కరెంటు లేని రోజున కారు బయటికి తియ్యాలంటే ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తాల్సిందే. స్ప్రింగ్ బాగున్న ఇంట్లో అది ముసలివాళ్లు కూడా చేయగలిగే పని, లేని ఇంట్లో ఇద్దరు మగవాళ్లు పట్టినా కష్టం.

గుర్తుపట్టాక మార్చేది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. యూట్యూబ్ చూసి డిష్‌వాషర్ దగ్గర్నుంచి డెక్ దాకా సొంతంగా బిగించుకునే తెలుగు ఇంజినీర్లకి కొదవ లేదు. ఈ ఒక్కటీ వదిలేయడం మేలు. మెలిక స్ప్రింగ్‌ని తిప్పడానికి, చివరనున్న కోను రంధ్రాల్లో సరిపడే 18 అంగుళాల ఉక్కు కడ్డీలు రెండు కావాలి. వాటికి బదులు స్క్రూడ్రైవర్ పెట్టి, అది జారి వేళ్లూ దవడా విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తలుపు అడుగు మూలల్లో కేబుల్ పట్టి ఉంచే బ్రాకెట్ మరలు కూడా విప్పకూడదు. స్ప్రింగ్ బలమంతా వాటి మీదే ఉంటుంది. ఇంటివాళ్లు చేయగలిగింది, చేయాల్సింది కనిపెట్టడం, ఆ తర్వాత వచ్చిన మనిషిని సరైన ప్రశ్నలు అడగడం.

అడగాల్సినవి ఎక్కువేమీ లేవు. రెండు స్ప్రింగులుంటే రెండూ మార్చమనాలి. ఒకే రోజు బిగించి, ఒకే లెక్కన తిరిగినవి కాబట్టి ఒకటి తెగిందంటే రెండోది దాని వెనకే ఉంది. ఇది అమ్ముకోవడానికి చెప్పే మాట కాదు. పాత స్ప్రింగ్ కొలతలే గుడ్డిగా తీసుకోకుండా తలుపు బరువు తూచమనాలి. మధ్యలో ఫోమ్ పలకలు అతికించినా, కిటికీ అద్దాలు పెట్టించినా, చెక్క తలుపు వానకి తడిసి నానినా బరువు మారిపోయి ఉంటుంది. 10,000 సైకిళ్లదా, అంతకు రెట్టింపువా అని అడగాలి. ఎక్కువ సైకిళ్ల స్ప్రింగ్‌లో మాయ ఏమీ లేదు, తీగ కాస్త లావు, స్ప్రింగ్ కాస్త పొడుగు. అదే బరువు ఎక్కువ స్టీలు మీద పంచుకోవడంతో ఒక్కో వంపుకి పడే ఒత్తిడి తగ్గుతుంది. రోజుకి ఎనిమిదిసార్లు తలుపు తెరిచే ఇంట్లో ఆ అదనపు ఖర్చు దండగ కాదు. రెండేళ్లలో ఇల్లు అమ్మేసే ఆలోచన ఉంటే మామూలువే చాలు.

పని అయ్యాక ఆ మనిషి వ్యాన్ ఎక్కకముందే ఎర్ర తాడు లాగి, తలుపు నడుము ఎత్తులో నిలుస్తుందో లేదో ఆయన ఎదుటే చూసుకోవాలి. మళ్లీ మోటారుకి తగిలించాక, గుమ్మం మధ్యలో నేల మీద అంగుళంన్నర మందం చెక్క పడుకోబెట్టి మీట నొక్కితే, తలుపు దాన్ని తాకిన రెండు సెకన్లలోపు వెనక్కి పోవాలి. పాత స్ప్రింగ్ రోజుల్లో పెంచిన బలం మీట ఇంకా అలాగే ఉంటే ఈ చెక్కే పట్టిస్తుంది. ఆ తర్వాత ఒక మార్కర్ తీసుకుని తలుపు లోపలి పలక మీద తేదీ, స్ప్రింగ్ ఎన్ని సైకిళ్లదో ఆ అంకె రాసి పెట్టాలి. ఇల్లు చేతులు మారినా అంకెలు అక్కడే ఉంటాయి.